జావాలో రామకథ



డిసెంబరు మాసమున కాటారములో చలిమంటలు వేసికొందురు. ఆ దినములలోనే మేము జావాదీవిలోని యోగ్యకర్త నగరమునకు పోతిమి. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే అచ్చట అది వానకాలము.

బోరోబుదూరు బౌద్ధక్షేత్రమును చూచి, నగరమునకు తూర్పుననున్న ప్రంబనన్ చేరితిమి. తొమ్మిదవ శతాబ్దినాటి ఆ శివాలయము 47 మీటర్ల యెత్తు. ప్రదక్షిణము చేయుచుండగా పిట్టగోడపై రామకథ వరుసగా కనబడును. తరువాయి కథ బ్రహ్మాలయమున కలదు. వానలగుటచే రామాయణ నృత్యనాటకమును ఆరుబయట గాక మందిరములో చూచితిమి. 1961 నుండి దానిని ఆడుచున్నారు. ఆ దేశమున పెక్కురు ముసల్మానులు. రాముడు వారికి పరాయివాడు కాడు.

ఒకప్పుడచ్చట 240 గుళ్లుండెడివి. పెక్కు నేడు రాళ్లకుప్పలు. కూలిన శివాలయమును రాయి రాయి కూర్చి 1953లో నిలిపిరి. 2006 నాటి భూకంపమున దెబ్బతినగా మరల బాగుచేసిరి. మూలశిలలలో నాలుగింట మూడువంతులు దొరకనిదే ఏ గుడినీ తిరిగి కట్టరాదని అచ్చటి నియమము.

మన పాలంపేటలోని రామప్పగుడికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము దక్కినది. కాని పేరులేని పాతగుళ్ల మాటయేమి? పునాదికనియో గట్టుకనియో ఒక్కొక్క రాయి తీసికొనిపోవుచున్నచో, రేపు నిలుపదలచినవారికి మిగులునదేమి? కుప్పగా పడియున్నను, ఆ రాళ్లను ఉన్నచోటనే ఉండనిత్తము.