ఇంజనాయిలుకు రెండో వడపోత అవసరమా?

(మొగల్తూరు ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల శీతలీకరణ కేంద్రంలోని జనరేటరుకు, పాలు తెచ్చే వ్యానుకు, ఇంజనుతోపాటు కంపెనీ ఇచ్చిన ఆయిల్ ఫిల్టరు ఒకటి ఉంటుంది. అది చాలదని, బైపాస్ ఫిల్టరు అనే రెండో వడపోతను అదనంగా బిగించుకుంటే ఇంజను రెండింతలు మన్నుతుందని, ఆయిల్ మార్చే ఖర్చు సగమవుతుందని అమ్మకందారులు చెబుతుంటారు. ఈ మాటలో నిజమెంత, సంఘం సొమ్ము దానిమీద పెట్టవచ్చునా అన్నదే ఈనాటి మన విచారణ. సంఘం సొమ్మంటే వేరెవరిదో కాదు. పూటకు రెండు లీటర్లు పోసే సభ్యురాలికి సంవత్సరాంతంలో చేరవలసిన బోనసులోని భాగమే. కనుక లెక్క వేయకుండా ఒక్క రూపాయి కూడా కదపరాదు.

ముందుగా అసలు సంగతి చూద్దాం. ఆయిల్ ఇంజను లోపల రాపిడి జరిగే చోట్ల పల్చని ఆయిల్ పొర ఉంటుంది. దాని మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం ఉంటుంది. పొర మందంతో సమానమైన ఇసుక రేణువులు, లోహపు రజను ఆ పొరలోకి దూరినప్పుడే బేరింగులకు, రింగులకు ఎక్కువ అరుగుదల. ఇంజనుతో వచ్చే ఫిల్టరు గుండా ప్రతి చుట్టులోనూ ఆయిల్ అంతా పోవాలి. దారి మరీ ఇరుకైతే ఆయిల్ సమయానికి బేరింగులకు అందదు. కాబట్టి అది సాధారణంగా 20 మైక్రాన్లు, ఆపై పరిమాణం గల మలినాలను మాత్రమే బాగా పట్టుకుంటుంది.

బైపాస్ ఫిల్టరు పద్ధతి వేరు. ఆయిల్ ప్రవాహంలో పదోవంతు, లేదా అంతకన్న తక్కువ, పక్కదారిన తీసుకుని, నెమ్మదిగా చాలా సన్నని వడపోత గుండా పంపి తిరిగి అడుగు తొట్టిలోకి వదులుతుంది. ఇది 3, 4 మైక్రాన్ల రేణువులను సైతం ఆపగలదు. మన భాషలో చెప్పాలంటే, పాలలోని వెన్న బిందువు సగటున 3 నుంచి 5 మైక్రాన్లు ఉంటుంది. సంఘంలో పాలు వడకట్టే గుడ్డ గడ్డిపరకను, వెంట్రుకను ఆపుతుంది గాని వెన్నను ఆపదు. మామూలు ఫిల్టరుకు, బైపాస్ ఫిల్టరుకు ఉన్న తేడా అలాంటిదే.

ఇది కొత్త వింత కాదు. 1920లలో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ ప్యూరొలేటర్ పేరుతో మోటారు ఇంజనులకు ఆయిల్ ఫిల్టరు తెచ్చిన నాటి పద్ధతి బైపాస్ పద్ధతే. మన వృత్తికి మరింత దగ్గరి చుట్టం ఇంకొకటి ఉన్నది. 1878లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ డి లావల్ పాల నుంచి మీగడ తీసే సెపరేటరును తయారుచేశాడు. గిర్రున తిప్పితే బరువైనది అంచుకు, తేలికైనది నడిమికి చేరుతుందన్న ఆ సూత్రంతోనే ఆయన స్థాపించిన సంస్థ తరువాత ఓడల ఇంజనాయిలును శుభ్రపరిచే యంత్రాలు కూడా చేసింది. మన లారీలు, బస్సుల పెద్ద ఇంజనులు కొన్నింటికి కూడా ఇదే సూత్రంతో తిరిగే ఆయిల్ ఫిల్టరు ఉంటుంది.

అంటే రెండో వడపోత మోసం కాదు. పనిచేసే వస్తువే. అయితే ఓడలో ఎందుకు పెట్టారో గమనించండి. ఓడ ఇంజను రాత్రింబవళ్లు నడుస్తుంది. దానిలో పట్టే ఆయిల్ వేల లీటర్లు. నడిసముద్రంలో ఆ ఆయిల్ పారబోసి కొత్తది పోయడం కుదిరే పని కాదు. మన శీతలీకరణ కేంద్రపు జనరేటరు సంగతి దీనికి పూర్తిగా తలక్రిందులు. కరెంటు పోయినప్పుడే దానికి పని. అమెరికా, ఐరోపాలలో వంట, పడక ఏర్పాట్లతో ఇల్లు వంటి మోటారు బండ్లు ఉన్నవారికి కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఆ బండ్లు కూడా సంవత్సరంలో చాలాకాలం షెడ్డులోనే ఉంటాయి. ఊరకే ఉండే ఇంజనును చెరిచేది రజను కన్న తేమ, తుప్పు, పాతబడిన ఆయిల్.

ఇక్కడ వడపోతకు గల హద్దు తెలుసుకోవాలి. పులిసిన పాలను ఎంత సన్నని గుడ్డలో వడకట్టినా పులుపు పోదు. ఆయిల్ కూడా అంతే. డీజిల్ మండినప్పుడు పుట్టే ఆమ్లాలను విరచడానికి ఆయిల్‌లో మందులు కలిపి ఉంటాయి. అవి వాడకంలో ఖర్చవుతాయి. ఫిల్టరు వాటిని తిరిగి పోయలేదు. ఇంజెక్టరు కారి ఆయిల్‌లో డీజిల్ కలిస్తే దాన్ని తీయలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజ్ 6 డీజిల్ వచ్చి, గంధకం పదిలక్షలకు 10 పాళ్లకు తగ్గినందున ఆమ్లాల బెడద బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆయిల్ నల్లబడిందని భయపెట్టే వారున్నారు. డీజిల్ ఇంజనులో కొత్త ఆయిల్ కొద్ది గంటలలోనే నల్లబడుతుంది. మసిని ముద్ద కట్టకుండా తనలో తేల్చి ఉంచుకోవడం మంచి ఆయిల్ చేయవలసిన పనే. నలుపు చూసి ఆయిల్ చెడిందనడం, రంగు చూసి పాలలో వెన్న శాతం చెప్పడం వంటిది. పాలకు పరీక్ష ఉన్నట్లే ఆయిల్‌కు కూడా ప్రయోగశాల పరీక్ష ఉన్నది. ఇనుము ఎంత, మసి ఎంత, ఆమ్లాన్ని విరిచే శక్తి ఎంత మిగిలింది అన్నది అందులో తేలుతుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఈ అంకెలు మాటవరసకు తీసుకున్నవి. మీ బిల్లులు చూసి మీ అంకెలు వేసుకోండి. జనరేటరుకు 12 లీటర్ల ఆయిల్ పడుతుందనుకుందాం. రోజుకు సగటున గంట నడిస్తే సంవత్సరానికి 365 గంటలు. ఇంజను పుస్తకంలో 250 గంటలకు లేక సంవత్సరానికి, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చమని ఉన్నదనుకుందాం. ఆ ప్రకారం మూడేళ్లలో నాలుగుసార్లు మార్చాలి. రెండో ఫిల్టరు పెట్టి గడువును 500 గంటలకు పెంచినా సంవత్సరపు గడువు అడ్డు వస్తుంది. మూడుసార్లు మార్చక తప్పదు. మూడేళ్లకు మిగిలింది ఒక్క మార్పు. లీటరు 300 రూపాయల చొప్పున 3,600 రూపాయలు. ఫిల్టరు, గొట్టాలు, బిగింపు కలిసి 15,000 అయితే, లోపలి కార్ట్రిడ్జి మార్చే ఖర్చు వదిలేసినా, అసలు ఎప్పటికి తిరిగి వచ్చేను?

ఇంజను ఎక్కువకాలం మన్నుతుంది కదా అని అడగవచ్చు. వేళకు ఆయిల్ మార్చుతూ చూసుకున్న జనరేటరు ఇంజను పెద్ద మరమ్మతుకు ముందు పదివేల గంటలు నడవడం సామాన్యమే. ఏడాదికి 365 గంటల చొప్పున పదివేల గంటలు కావడానికి 27 సంవత్సరాలు పడుతుంది. అరుగుదల కన్న ముందు సముద్రపు ఉప్పుగాలి దాని పని పడుతుంది.

తుపాను మాటేమిటని మరొక ప్రశ్న. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చిన తుపాను, 2025 అక్టోబరు 28న మచిలీపట్నం, కాకినాడల మధ్య తీరం దాటిన మొంథా మనకు తెలుసు. అటువంటి వేళ జనరేటరు రాత్రింబవళ్లు నడిచినా 250 గంటలంటే పది రోజుల పైమాట. తుపానుల కాలానికి ముందే ఆయిల్ మార్చి, ఒక ఫిల్టరు, సరిపడా ఆయిల్ నిల్వ ఉంచుకుంటే కంపెనీ ఇచ్చిన ఫిల్టరే గట్టెక్కిస్తుంది.

పాల వ్యాను సంగతి చూస్తే, చిన్న బండికి పట్టే ఆయిల్ కొద్ది లీటర్లు. మార్పు తప్పినా మిగిలేది స్వల్పం. ఇక సభ్యులలో చెరువులున్నవారు ఉన్నారు. ఏరియేటర్లకు రోజుకు పది గంటల చొప్పున 200 రోజులు ఇంజను నడిపేవారికి 2,000 గంటలవుతుంది. ఎనిమిది మార్పులు నాలుగైతే 48 లీటర్లు, అంటే 14,400 రూపాయలు మిగులుతుంది. అక్కడ రెండో ఫిల్టరు ఆలోచించదగినదే. దూరప్రయాణాల పాల ట్యాంకరుకూ అంతే. అయితే ఇంజను కంపెనీ ఒప్పుకోవాలి, ఆయిల్ పరీక్ష చేయిస్తూ గడువు పెంచాలి, గొట్టాలు గట్టివి ఉండాలి. అదనపు గొట్టం ఒకటి పగిలితే ఆయిల్ అంతా నిమిషాల్లో నేలపాలై ఇంజను పట్టేస్తుంది. గ్యారంటీ ఉన్న ఇంజనుకు కంపెనీని అడగకుండా ఏదీ తగిలించరాదు.

కాబట్టి మా సూత్రం ఇది. కార్ట్రిడ్జి ఖర్చు పోను సంవత్సరంలో మిగిలే ఆయిల్ ఖరీదు, ఫిల్టరు ఖరీదులో సగానికి తక్కువైతే కొనవద్దు. ఈ లెక్కన కరెంటు పోయినప్పుడు మాత్రమే నడిచే సంఘపు జనరేటరుకు రెండో వడపోత దండగ.

ఆ సొమ్ములో కొంత వీటికి వెచ్చించండి. గంటల మీటరు పనిచేయాలి, పక్కన పుస్తకం ఉండాలి. గాలి ఫిల్టరు ముఖ్యం. ఇంజనులోకి దుమ్ము చేరేది ఎక్కువగా ఆ దారినే. కోతల రోజులలో, గడ్డి దుమ్ము లేచినప్పుడు వారానికొకసారి చూడండి. డీజిల్ ట్యాంకు అడుగున చేరిన నీటిని వదలండి. బ్యాటరీ టెర్మినళ్లు ఉప్పుగాలికి పూత పట్టకుండా తుడవండి. ఇంజను అందుకోని సాయంత్రం చాలాసార్లు తప్పు బ్యాటరీదో డీజిల్‌దో అయి ఉంటుంది. కరెంటు ఉన్నా వారానికొకసారి జనరేటరును లోడుమీద అరగంట నడపండి. పదినిమిషాలు తిప్పి ఆపితే ఇంజను వేడెక్కక, ఆయిల్‌లోని తేమ ఆవిరి కాదు. డిప్‌స్టిక్కు తీసి చూడండి. మట్టం తగ్గితే పోయండి. మట్టం పెరిగితే డీజిల్ గాని నీరు గాని కలిసిందన్నమాట, వెంటనే మెకానిక్కును పిలవండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరింది, ఇంజను నడపవద్దు. చవకని నకిలీ ఫిల్టరు కొనవద్దు. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయరాదు. అధీకృత కొనుగోలుదారుకే ఇవ్వాలి.

సభ్యులారా, పితికిన పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లార్చితేనే నిలుస్తాయి. కరెంటు పోయిన వేళ ఆ పని జనరేటరుది. అది ముప్పై ఏళ్లు మన్నుతుందా అన్న ప్రశ్న కన్న, ఈ సాయంత్రం అందుకుంటుందా అన్న ప్రశ్న మనకు ముఖ్యం. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఏ ఫిల్టరు కొనాలన్న తీర్మానానికి ముందు, గంటల పుస్తకం బల్లమీద పెట్టి చదవండి. అందులోని అంకెలే జవాబు చెబుతాయి.