అప్పెఱుగనివానికి అప్పు పుట్టుట
(వార్షిక మహాసభ సందర్భమున వర్గలులో చేయబడిన యుపన్యాసము)



గుట్టమీది విద్యాసరస్వతీ క్షేత్రమున అక్షరాభ్యాసము చేయించుటకై పసిబిడ్డల నెత్తుకొని వచ్చువారిని మీరు నేటి యుదయమున దారిపొడవునను చూచియుందురు. అక్షరముల యెడ మన పెద్దలకు గల శ్రద్ధ అంకెల యెడ లేకపోయెనని మాకు చాలకాలముగా నొక చింత గలదు. ఆహ్వాన సంఘమువారు మమ్ము కులవృత్తుల ప్రాచీన వైభవమును గూర్చి మాటాడుమని కోరిరి. వైభవమును వర్ణింపగల సమర్థులు మనలో పెక్కురు గలరు. మేము ముప్పదివేల రూపాయల అప్పును గూర్చి మాటాడెదము. ఈ స్వాతంత్ర్యమును సభవారు మన్నింతురుగాక.

మేమెఱిగిన యొక వడ్రంగి యువకుడు ఈ సమీపగ్రామమున పని చేసికొనుచుండెను. వాని తండ్రిది నాగళ్లును బండ్లును చేసిన చేయి. ట్రాక్టరు వచ్చిన పిదప ఆ పని పోయెను. వర్గలు, గజ్వేలు చుట్టుప్రక్కల క్రొత్త యిండ్లు లేచుచున్నందున ద్వారబంధములు, కిటికీలు, పూజగది తలుపులు వానికి జీవనాధారములయ్యెను. ఒక గృహస్థు పనంతయు నొక్కసారి ఒప్పగించెను. కఱ్ఱకును ఇనుప సామానుకును రూ.30,000 కావలెను. నలువది దినములలో పని ముగియును, కూలియు లాభమును చేతికి వచ్చును. అంతవఱకే అప్పు.

వాడు మమ్ము వెంటబెట్టుకొని యొక బ్యాంకునకు పోయెను. అచటి యుద్యోగి మర్యాదస్థుడే. యంత్రమున చూచి, "సిబిల్‌లో ఇతని పేరుమీద ఏమియు లేదు, మేమేమి చేయగలము?" అనెను. వెలుపలికి వచ్చిన పిదప ఆ యువకుడు మాతో ననిన మాట యిప్పటికిని చెవిలో నున్నది: "పెద్దనాయినా, ఇన్నేండ్లు ఎవ్వలకు బాకీ లేకుండ బతికితి. గదే తప్పయిందా?"

సభాసదులారా! ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న సిబిల్ అనునది యేమో తెలియవలెను. ఈ సంస్థ 2000 సంవత్సరమున బొంబాయియందు స్థాపింపబడెను. 2005 నాటి శాసనము క్రింద ఇట్టి పరపతి సమాచార సంస్థలు నేడు నాలుగు గలవు. బ్యాంకులును బ్యాంకేతర ఋణసంస్థలును తమ ఋణగ్రస్తులు ఏ కిస్తును ఏ దినమున చెల్లించిరో వీనికి తెలుపుచుండును. ఆ లెక్కనుబట్టి మనుష్యునకు 300 మొదలు 900 వఱకు నొక సంఖ్య యేర్పడును. ఇందు చిత్రమేమనగా, మన యువకునికి తక్కువ సంఖ్య రాలేదు. అసలు సంఖ్యయే లేదు. దుకాణమున ఉద్దెర తెచ్చి తప్పక తీర్చినది ఆ పుస్తకమున కెక్కదు. చీటీ క్రమముగా కట్టినదియు, సాహుకారునకు వడ్డీ చెల్లించినదియు ఎక్కదు. బ్యాంకునందు సొమ్ము దాచుకొన్నవాడు సైతము అంతమాత్రమున పరపతి గలవాడు కాడు. ఊరివారందఱు ఎఱిగిన నిజాయితీ ఆ యంత్రమునకు తెలియదు.

బ్యాంకు ద్వారము మూయబడెను గదా, ఆ సాయంకాలమే గిరిగిరి వ్యాపారి వాని యింటికి వచ్చెను. ఈ వ్యాపారికి ఏ కాగితమును అక్కఱలేదు. రూ.30,000 అని వ్రాసికొని, పదవవంతు ముందుగానే పట్టుకొని, రూ.27,000 చేతబెట్టెను. దినమునకు రూ.300 చొప్పున నూఱు దినములు చెల్లింపవలెను. "నూటికి పదియే గదా" యని మనవాడు సంతోషించెను. ఇచటనే అంకెల అక్షరాభ్యాసము కావలసియున్నది. ఇరువదియేడువేలు నూఱు దినములును వాని వద్ద నుండలేదు, మఱునాటినుండియే తఱుగుచుండెను. దినదినము తఱుగు సొమ్ముమీద లెక్కగట్టిన యెడల ఆ వడ్డీ సంవత్సరమునకు నూటికి సుమారు రూ.78 అగును. పల్లెలో నూటికి నెలకు మూడు రూపాయలు తీయు సాహుకారును మనము నిందింతుము. అది సంవత్సరమునకు ముప్పదియాఱే.

వడ్డీకంటెను కీడు చేసినది గడువు. వడ్రంగికి సొమ్ము తలుపు నిలిచిన దినమున వచ్చును, గిరిగిరికి మఱునాడే చెల్లింపవలెను. గృహస్థు నెలదినములు ఆలస్యము చేసెను. తిండికి ఉంచుకొన్న సొమ్ము దినకిస్తునకు పోయెను. అదియు చాలక వాడు సెల్‌ఫోనులో నొక యాప్ వలన అప్పు తీసికొనెను. రూ.5,000 అని చూపి రూ.3,400 వేసిరి, ఏడవ దినమున ఐదువేలును కట్టుమనిరి. కట్టలేకపోగా వాని ఫోనులోని బంధువుల కందఱకును దూషణ సందేశములు పోయెను. తుదకు రందా మిషను అమ్మి వాడు బయటపడెను. పని చేయు పరికరమునే అమ్మి, పనికై చేసిన అప్పు తీర్చెను.

వాడు బయటపడెను, అందఱును బయటపడలేదు. 2020 డిసెంబరులో ఈ యాపుల వేధింపులకు తాళజాలక తెలంగాణమున కొందఱు ప్రాణములు తీసికొనిరి. అందొకరు మన సిద్దిపేట జిల్లాయందలి యువతి. ఆ నెలలోనే హైదరాబాదు పోలీసులు ఈ వ్యాపారముపై దాడులు చేసి పలువురను నిర్బంధించిరి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమములు విధించెను: అప్పు సొమ్ము తిన్నగా ఋణగ్రస్తుని ఖాతాలోనే పడవలెను, సంవత్సరపు మొత్తము ఖర్చు ఎంతయో ముందే కాగితముపై తెలుపవలెను, ఫోనులోని చిరునామాల జోలికి పోరాదు. 2025లో అనుమతిగల సంస్థల యాపుల పట్టికను గూడ తన వెబ్‌సైటున ఉంచెను. పట్టికలో లేని యాపును తాకకుడు. వేధింపు కలిగినచో 1930 అను సంఖ్యకు ఫోను చేయుడు. సిగ్గుపడి దాచుకొనుటచేతనే ప్రాణములు పోయినవి.

ఇపుడు మా తప్పు చెప్పవలెను. బ్యాంకునుండి తిరిగి వచ్చిన నాడు ఆ యువకుడు మొదట గిరిగిరివానిని అడుగలేదు, మమ్మే అడిగెను. ఆనాడు మా చేతిలో కొంత సామూహిక నిధి గలదు. అది కల్యాణమండపమునకు ఉద్దేశింపబడినదనియు, ఒకనికిచ్చిన పదుగురు వత్తురనియు చెప్పి పంపితిమి. మండపము లేచినది. దాని తలుపులు మఱియొకడు చేసెను.

కులముపేర గాని, ఊరిపేర గాని మనుష్యుని నడవడియే తాకట్టుగా అప్పిచ్చు పద్ధతి క్రొత్తది కాదు. జర్మనీ దేశమున రైఫైజన్ అను గ్రామాధికారి 1864లో హెడ్డెస్‌డార్ఫ్ గ్రామమున ఒక ఋణసంఘమును నెలకొల్పెను. ఇరుగుపొరుగువారే సభ్యులు, ఒకరికొకరు పూచీ. ఎవడు త్రాగుబోతో ఎవడు కష్టజీవియో పట్నపు బ్యాంకునకు తెలియదు, పొరుగువానికి తెలియును. ఆ యెఱుకయే మూలధనము. 1904లో బ్రిటిషు ఇండియాయందు వెలువడిన సహకార ఋణసంఘముల శాసనమునకు ఇట్టి సంఘములే మాతృక. మన నిజాము రాజ్యమున 1349 ఫసలీలో వడ్డీవ్యాపారుల చట్టము వచ్చెను. లైసెన్సు లేనిదే వడ్డీ వ్యాపారము చేయరాదను ఆ చట్టమే తెలంగాణ ప్రాంతమున నేటికిని నిలిచియున్నది. గిరిగిరివానిని మనలో నెవడును లైసెన్సు అడిగిన జాడ లేదు. స్వాతంత్ర్యానంతరము 1951-52లో జరిగిన అఖిలభారత గ్రామీణ ఋణ పరిశీలనయందు గ్రామీణుల అప్పులలో సహకార సంఘములవి నూటికి మూడు పాళ్లనియు, బ్యాంకులవి ఒక పాలైనను లేవనియు తేలెను. అనగా శాసనములున్నను సంఘములు లేకపోయెను.

ఉన్నచోట అవి యేమి చేయగలవో మన యిండ్లలోనే చూడవచ్చును. 1992లో నాబార్డు ప్రారంభించిన పద్ధతిచొప్పున స్త్రీల పొదుపు సంఘములు బ్యాంకులతో జతపడినవి. పదిమంది కూడి పొదుపుచేసి, తమలో తాము అప్పిచ్చుకొని, పుస్తకము వ్రాసినచో, ఆ పుస్తకమును చూచి బ్యాంకు అప్పిచ్చును. 2011లో స్త్రీనిధి వచ్చెను. ఫలితముగా మన యిండ్లలో ఇల్లాలికి పరపతి గలదు, మగనికి లేదు. పరిహాసమున కనుట లేదు. పెక్కు కొలుములయందు బొగ్గులు ఇల్లాలి సంఘపు సొమ్ముతోనే కొనబడుచున్నవి.

మన అవుసలి సోదరుల స్థితి మఱియు విచిత్రము. బ్యాంకులు బంగారముపై అప్పిచ్చునపుడు గీటురాయి పట్టి వన్నె చెప్పువాడు చాలచోట్ల మనవాడే. వాని మాటపై లక్షలు వెలుపలికి వచ్చును. వాడే తన దుకాణమునకు ఇరువదివేలు అడిగినచో పరపతి లేదందురు! అయినను, నగ గల యింటికి అదియే తక్షణోపాయము. కుదువ సొమ్మునకు పరపతి సంఖ్యతో అంతగా పని లేదు. అప్పు తీర్చిన పిదప నగ ఏడు పనిదినములలోపల తిరిగి యీయవలెననియు, ఆలస్యమైనచో దినమునకు రూ.5,000 పరిహారమనియు రిజర్వు బ్యాంకు 2025 జూనులో నిర్ణయించి, 2026 ఏప్రిల్ 1 లోపల అమలుపఱుపవలెనని ఆదేశించెను. లైసెన్సు లేని కుదువ దుకాణముకంటె బ్యాంకు మేలు.

ప్రభుత్వ పథకములను గూర్చి కొంత చెప్పుదుము. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకమున శిశు అను తరగతి క్రింద రూ.50,000 వఱకు తాకట్టులేని అప్పు గలదు. 2023 సెప్టెంబరు 17న మన కులదైవము పేరనే వెలసిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున వడ్రంగి, కమ్మరి, అవుసలి, శిల్పి మున్నగు 18 వృత్తులవారికి మొదట శిక్షణ, పరికరములకు రూ.15,000, పిదప నూటికి ఐదు వడ్డీపై లక్ష రూపాయలు. దానిని సరిగా నడిపినవారికి రెండవమాఱు రెండు లక్షలు. లక్షకు పదునెనిమిది నెలల గడువు, కిస్తు నెలకు సుమారు రూ.5,780. కుటుంబమునకు ఒక్కరికే. దరఖాస్తు గ్రామపంచాయతీనుండి జిల్లాకు నడువవలెను గనుక మంగళవారము కఱ్ఱ కావలసినవానికి ఈ పథకము మంగళవారమున అందదు. దీనిని అవసరమునకు ముందే, పని తీరికగా నున్నపుడు సాధించి యుంచుకొనవలెను.

పరపతి చరిత్ర లేనివారు మఱచిపోరాని విషయము ఇంకొకటి. మొదటిసారి అప్పు కోరువాని దరఖాస్తును పూర్వచరిత్ర లేదను కారణము చేతనే త్రోసివేయరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశములయందు సూచించియున్నది. ఆ యేటి వర్షాకాల సమావేశములలో కేంద్ర ఆర్థికశాఖ సహాయమంత్రి లోక్‌సభకు ఇదే తెలిపెను. బ్యాంకు ఇతర కారణములచే నిరాకరింపవచ్చును, కాని "సిబిల్‌లో పేరు లేదు" అను మాట చాలదు. ఈ సంగతి ఆనాడు మాకు తెలిసియుండిన ఆ బల్లయొద్ద ఇంకొక మాట మాటాడియుందుము. కొంచెము సొమ్ము గలవాడు దానిని డిపాజిట్టు చేసి, దానిపైననే చిన్న అప్పు తీసికొని గడువునకు తీర్చినచో చరిత్ర మొదలగును. ఆ అప్పు పరపతి సంస్థకు తెలుపబడునా యని ముందే అడుగవలెను. ఒక్కదినమున పదిచోట్ల దరఖాస్తు పెట్టుట ప్రమాదము. ప్రతి విచారణయు ఆ పుస్తకమున కెక్కి సంఖ్యను తగ్గించును. ఏటి కొకసారి ప్రతి సంస్థయు మన లెక్కను ఉచితముగా నీయవలెను. తప్పు వ్రాసియున్నచో ఫిర్యాదు చేసిన 30 దినములలో సరిదిద్దవలెను, లేనిచో దినమునకు రూ.100 మనకు చెల్లింపవలెను.

ఇవన్నియు నుండియు నలువది దినముల ముప్పదివేలకు ఇంకను చోటు లేదు. మేము ప్రతిపాదించునది దానికే. సభ్యులు రెండువందలమంది నెలకు నూఱేసి రూపాయలు వేసినచో ఏడాదికి రూ.2,40,000 అగును. దీనిని సంఘపు ఇతర ధనముతో కలుపక, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద వేఱుగ నమోదు చేయింపవలెను. ఒక్కనికి రూ.30,000 మించరాదు, నూఱు దినములు మించరాదు. నెలకు నూటికి రూపాయి వడ్డీ. దినకిస్తు లేదు, పని ముగిసి సొమ్ము చేతబడిన నాడు చెల్లింపవలెను. నూఱు దినములును సొమ్ము వాడుకొన్నను వడ్డీ వెయ్యి రూపాయలకు లోపే. ఇద్దఱు వృత్తిదారులు పూచీ పడవలెను. చిట్టా ఆవర్జాలు నెలనెలయు అందఱి యెదుట చదువవలెను. రెండుమార్లు సరిగా తీర్చినవానిని ఆ రసీదులతో సంఘమువారే బ్యాంకునకు తోడ్కొనిపోయి శిశు అప్పునకో విశ్వకర్మ అప్పునకో నిలువబెట్టవలెను. మన నిధి యంత్రమున కెక్కదు గనుక ఈ తోడు పోవుటయే ముఖ్యము.

ఎగవేయువారుండరా యని కొందఱు పెద్దలు నిన్నటి రాత్రి మమ్మడిగిరి. ఉందురు. మొదటి యేట కొంత పోవును. మండపమునకు వేసిన సున్నమును వాన కొంత కడిగినది. దానికి మనమెవరమును నిలువుకుండలేదు.

మధ్యాహ్న భోజనానంతరము విషయనిర్ణయ సభలో ఈ తీర్మానము మూడవదిగా రానున్నది. మేము మొదటి రూ.5,000 ఉదయముననే కోశాధికారిగారి చేతబెట్టి రసీదు పుచ్చుకొంటిమి. ఆ వడ్రంగి యువకుడును నేడు ఈ సభకు వచ్చియున్నాడు. పేరు చెప్పవలదని కోరినాడు. వాడు నూఱు రూపాయలు వేసినాడు. రసీదు పుస్తకము పందిరికి కుడివైపు బల్లమీద నున్నది.