ముంపు జాబితాలో కూతురెక్కడ?

ఆనకట్ట అనగానే ఎన్ని టీఎంసీలు, ఎన్ని ఎకరాలు అంటాం. నేనూ చాలాకాలం ఎకరాలే లెక్కపెట్టాను. ఇవాళ మాత్రం ముంపు జాబితా గురించి మాట్లాడతాను.

నర్మద మీద 1979లో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ఆ రోజులకి మెరుగైనదే. నాలుగోవంతుకు మించి భూమి పోయిన కుటుంబానికి కనీసం రెండు హెక్టార్లు ఇవ్వాలంది. మేజరైన ప్రతి కొడుకునీ వేరే కుటుంబంగా లెక్కించమంది. మేజరైన కూతురి ఊసే లేదు. వితంతువైన తల్లిని కుటుంబ పెద్ద మీద ఆధారపడినవాళ్లలో కలిపేసింది. ఎన్నేళ్లు ఆ చేలో కలుపు తీసిందో ఎవరడిగారు?

మన శ్రీశైలంలో అదీ లేదు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. భూమికి భూమి కాదు, డబ్బే. పట్టా ఎవరి పేరునుంటే వాళ్లకి. పట్టాలు ఎవరి పేరున ఉంటాయో మీకు చెప్పాలా? బంజర్లో మేత, అడవిలో కట్టెలు ఏ పట్టాలోనూ ఉండవు.

2013 చట్టం ఈ లెక్క మార్చింది. వితంతువులు, విడాకులు పొందినవాళ్లు, కుటుంబం వదిలేసిన స్త్రీలు వేరే కుటుంబాలే. మేజరైతే చాలు, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకపోయినా వేరే కుటుంబమే. పోరాటాలు లేకుండా ఈ వాక్యం చట్టంలోకి వచ్చేది కాదు.

పోలవరం ముంపు గ్రామాల్లో పనిచేసేవాళ్లు జాబితా అడిగి తీసుకోండి. కూతుళ్ల పేర్లు ఒక్కొక్కటే చూడండి. లేకపోతే ఆ స్త్రీలతోనే అభ్యంతరం రాయించి, అందినట్టు రసీదు తీసుకోండి.