బీడు అంటే పనికిరాని భూమి కాదు
(ఉప్పల్‌లో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు గడ్డి గురించి మాట్లాడతాను. ధరలు, అప్పుల గురించి మాట్లాడే సంఘంలో గడ్డి ముచ్చట ఎందుకని అనుకోవద్దు. మూసీ ఒడ్డున మురుగునీళ్లతో పెంచిన గడ్డి కొని బర్రెలను సాదేవాళ్లు మీలోనే ఉన్నారు. ఒకప్పుడు ఊరూరా బంచరాయి ఉండేది, మేత ఊరికే దొరికేది. అది పోయింది కాబట్టే ఇప్పుడు మోపుకు ధర కడుతున్నాం. బీళ్లలో, గట్ల మీద తెంపుకొచ్చిన తంగేడు, గునుగు పూలనూ బతుకమ్మకు బజారులో కొంటున్నాం.

సర్కారు కాగితంలో బీడు అంటే పనికిరాని భూమి. ఫ్యాక్టరీకైనా, ప్లాట్లకైనా ముందు కంటపడేది అదే. మొక్కలు నాటాలన్నా గుంతలు అక్కడే తీస్తారు. చెట్లు మంచివే. కానీ గడ్డి నేలను చెట్లు కమ్మితే గొర్రెకు మేత ఉండదు, నేల మీద గుడ్డు పెట్టే పిట్టకు చోటుండదు.

నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు సంగతి చూడండి. అక్కడి గడ్డి మైదానాల్లో బట్టమేక పక్షి ఉండేది. నేల మీద సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. మిడతలను, పురుగులను తిని మన చేనుకు మేలు చేస్తుంది. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ ఉండి దాని తీరు గమనించారు. 1988లో సుమారు 1,500 ఎకరాలు అభయారణ్యమైంది.

తర్వాత ఏం జరిగింది? కాపలాతో కృష్ణజింకలు పెరిగి చేలమీద పడ్డాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యమంటేనే కోపం వచ్చింది. ఇంకోపక్క అలగనూరు రిజర్వాయరుతో, కాలువలతో వర్షాధార పంటల చేలు మారిపోయాయి. ఆ చేలు కూడా బట్టమేక తిరిగే చోటే. కొన్నేళ్లుగా అక్కడ ఆ పిట్ట కనబడటమే అరుదు. లోకం మొత్తంలో 150కి మించి లేవని అంచనా. ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే. అక్కడ కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి.

దీన్నిబట్టి తెలిసేదేంటంటే, కంచె లోపలి భూమి ఒక్కటే చాలదు. చుట్టుపక్కల రైతు కలిసి రాకపోతే పిట్ట నిలవదు. రైతు నష్టాన్ని పట్టించుకోకపోతే రైతు కలిసి రాడు.

కలిసి వస్తే ఏమవుతుందో కడప జిల్లా కలివికోడి చెబుతుంది. 1900 తర్వాత కనబడని ఆ పిట్ట 1986లో మళ్లీ దొరికింది. దాన్ని ఎరిగిన స్థానికుల సాయంతోనే దొరికింది. అది రాత్రిపూట తిరిగేది. అందుకని పరిశోధకులు పొదల మధ్య మట్టిని చదును చేసి అడుగుజాడలు చూశారు, కెమెరాలు పెట్టారు. అలా రుజువులు చేతిలో ఉండబట్టే తెలుగుగంగ కాలువ దారి మార్చమని గట్టిగా అడగగలిగారు, మార్పించగలిగారు.

మనకూ రుజువు కావాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మన బంచరాయిలో ఏ గడ్డి మొలుస్తుంది, ఏ పిట్ట ఏ నెలలో గుడ్డు పెడుతుంది, గొర్రెలు కాసే మన కురుమ, గొల్ల అన్నలకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వాళ్లను కూర్చోబెట్టి రాయించండి.

మన డిమాండ్లు మూడు. బంచరాయిలను పనికిరాని భూమిగా రాయడం ఆపాలి. గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క ఎకరం కూడా మళ్లించొద్దు. జింకలు, పందులు తిన్న పంటకు ఆ పంటకాలంలోనే పరిహారం ఇవ్వాలి.

ఇక్కడి బీళ్లు పోయాయి, తిరిగి రావు. మన చుట్టాల ఊళ్లలో ఇంకా మిగిలాయి. వచ్చే గ్రామసభలో ముందు ఆ సర్వే నంబర్లు అడగండి.