బిళ్ళగన్నేరు

ఇబ్రహీంపట్నం ప్రాంతమున బిళ్ళగన్నేరు నెఱుగనివారు అరుదు. నీరు పోయకున్నను బ్రదుకును, మేకయు ముట్టదు, పూజకు పూవులు కొరవడిన నాడు ఆదుకొనును. దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపమైనను మనమెవ్వరమును దీనిని పరాయిదిగా నెంచము.

ఈ యాకు మధుమేహమును తగ్గించునను నమ్మిక మనకే కాక జమైకా వారికిని కలదు. 1952లో అచ్చటి యాకులు కెనడాలోని డాక్టరు క్లార్క్ నోబుల్‌కు చేరగా, ఆయన వానిని సోదరుడగు రాబర్ట్ నోబుల్‌కు పంపెను. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనువారలు ఎలుకలపై పరీక్షించిరి. చక్కెర తగ్గలేదు గాని, రసమును సూదిద్వారా ఎక్కించినప్పుడు రక్తములోని తెల్లకణములు పడిపోయెను. వెదకినది దొరకలేదు, దొరకినది అంతకంటె గొప్పది. 1958లో విన్‌బ్లాస్టిన్ వెల్లడియైనది. పిమ్మట ఎలీ లిల్లీ సంస్థవారు విన్‌క్రిస్టిన్‌ను వేఱుచేసిరి.

కణము రెండుగా చీలునపుడు దానిలో సన్నని నాళికలు దారములవలె నేర్పడి క్రోమోజోములను ఇరువైపులకు లాగును. ఈ మందు ఆ దారములను ఏర్పడనీయదు; కణము నడుమనే నిలిచి నశించును. నరములలోను అట్టి నాళికలే యుండుటచే రోగికి వ్రేళ్ళ తిమ్మిరి, మలబద్ధము కలుగుచుండును.

పసిపిల్లల రక్తకాన్సరులో విన్‌క్రిస్టిన్‌తో కూడ మెథోట్రెక్సేటును ఇత్తురు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనకును ఈ రెండవ మందునకును గల సంబంధము మనవారిలో ఎందఱికి తెలియునో! మంచి చికిత్స అందిన దేశములలో నేడు ఇట్టి పిల్లలు పదింట సుమారు తొమ్మండుగురు బ్రదుకుచున్నారు.

అట్లయిన పెరటిలోని ఆకునే కాచి త్రాగరాదా యని కొందఱు అడుగుదురు. కూడదని మేము గట్టిగా చెప్పుచున్నాము. ఆ యాకులో నూటికి పైబడిన ఆల్కలాయిడ్లు కలవు. వానిలో విన్‌క్రిస్టిన్ పాలు అత్యల్పము. టన్నులకొలది ఆకునుండి గ్రాములే లభించును. గ్లాసెడు కషాయమున మందు ఉన్నదని నమ్మరాదు, తక్కిన విషములు మాత్రము ఉండును. శుద్ధిచేసిన మందునైనను వైద్యులు బిడ్డ బరువునుబట్టియో, శరీర విస్తీర్ణమునుబట్టియో కొలిచి సిరలోనికే ఎక్కింతురు; పొరపాటున వెన్నులోనికి పోయినచో ప్రాణాపాయము.

కషాయముతో గడచిన నెల తిరిగి రాదు. బిడ్డ పాలిపోయి, జ్వరము విడువక, చర్మముపై దెబ్బ తగులకయే కమిలిన మచ్చలు కానవచ్చినచో ముందు రక్తపరీక్ష చేయింపవలెను. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి ఇబ్రహీంపట్నమునకు ఒక పూట ప్రయాణములోనే యున్నది.