తపాలా ఉద్యోగి ఆంథొనీ ట్రాలోప్



వీధి ప్రక్కన నిలిచిన డబ్బాలో ఉత్తరము వేసి నిశ్చింతగా ఇంటికి పోవుట నేడు ఎవరికిని వింతగాదు. బ్రిటిషు తపాలాలో ఆ డబ్బా నెలకొనుటకు కారకుడైన ఉద్యోగి ఒక నవలాకారుడు. ఆయన పేరు ఆంథొనీ ట్రాలోప్. 47 నవలలు వ్రాసిన ఆయన దాదాపు 33 ఏండ్లు తపాలా శాఖలో కొలువు చేసెను. కచేరీ కొలువు మనస్సును ఎండగట్టుననియు, కాగితములు త్రిప్పువానికి కల్పన పుట్టదనియు చెప్పువారు ఈయన జీవితము నొకసారి పరికింపవలెను.

ట్రాలోప్ 1815లో లండనులో జన్మించెను. తండ్రి న్యాయవాదియైనను వృత్తియందు గాని వ్యవసాయమందు గాని రాణింపక అప్పులపాలై, కుటుంబముతో బెల్జియమునకు పారిపోయెను. తల్లి ఫ్రాన్సెస్ రోగులైన భర్తకును కొడుకునకును పరిచర్య చేయుచు, వేకువనే లేచి పుస్తకములు వ్రాసి సంసారమును నడపెను. కొడుకునకు అబ్బిన ఆస్తి ఆ అలవాటొక్కటే.

1834లో, 19వ యేట, ఏటికి 90 పౌనుల జీతముపై ఆయన లండను తపాలా కచేరీలో గుమాస్తాగా చేరెను. ఏడేండ్లు చెడ్డ గుమాస్తాగానే గడపెను. ఆలస్యముగా వచ్చుట, అప్పులు చేయుట, పైవారిచే చీవాట్లు తినుట! జీవితచరిత్రలలో ఇట్టి భాగమును దాటవేయుట వాడుక. ట్రాలోప్ తన స్వీయచరిత్రలో దానిని దాచలేదు.

1841లో ఐర్లండునకు బదిలీ కోరుకొని, షానన్ నదీతీరమందలి బెనహర్ అను చిన్న పట్టణమునకు పోయెను. ఫిర్యాదులను విచారించుట అక్కడ ఆయన పనులలో నొకటి. ఒక పెద్దమనిషి తపాలా అక్రమములనుగూర్చి ఘాటైన ఉత్తరములు పంపుచుండెను. ట్రాలోప్ మంచులో తడిసి, చలికి వణకుచు ఆయన యింటికి చేరెను. గృహస్థు ఆయనను లోనికి గొనిపోయి, భోజనము పెట్టి, కూతురిచేత పాటలు పాడించి, రాత్రికి పడక యిచ్చెను. ఫిర్యాదు ఊసు ఎత్తలేదు. తెల్లవారి అడుగగా, తనకు వేఱు పని లేదనియు, ఉత్తరములు వ్రాయుట తనకు సరదా యనియు ఒప్పుకొనెను. ఇట్టి మనుష్యులను కచేరీ బల్ల ముందు కూర్చుండి కల్పించుట ఎవరి తరము?

1851లో ఆయనకు నైరృతి ఇంగ్లండు పల్లెల తపాలా ఏర్పాటు అప్పగింపబడెను. గుఱ్ఱముపై దినమునకు సుమారు 40 మైళ్లు తిరిగి, ఏ యింటికి ఉత్తరము అందుచున్నది, ఏ యింటికి అందుటలేదు, తపాలా బంట్రోతు ఏ త్రోవను నడువవలెను అని స్వయముగా చూచెను. మారుమూల పొలములోని యింటికిని ఉత్తరము నడచిపోవలెననుట ఆయన పట్టుదల. తన జీవితములో మిక్కిలి సంతోషకరమైన కాలములలో దీనిని ఒకటిగా ఆయన ఎంచెను.

జెర్సీ, గర్న్‌సీ దీవుల తపాలాను పరిశీలించునపుడు, ఫ్రాన్సులో చూచిన పద్ధతిని అనుసరించి, వీధులలో ఇనుప డబ్బాలు నిలుపవలెనని సిఫారసు చేసెను. 1852లో జెర్సీలో అవి వెలసెను. మరుసటి యేడు గర్న్‌సీలో పెట్టిన వానిలో ఒకటి నేటికిని నిలిచియున్నది. మన బ్రౌను దొరవారి తెలుఁగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినదియు 1852లోనే. ఆయనయు చెన్నపట్టణమున కొంతకాలము తపాలా శాఖాధిపతిగా ఉండెను. తపాలాకును వాఙ్మయమునకును ఏదో చుట్టరికమున్నట్లే తోచును!

హిందూదేశపు ఉత్తరములతోను ట్రాలోప్‌నకు పని కలిగెను. 1858లో ఆయన ఈజిప్టునకు పోయి, అలెగ్జాండ్రియా నుండి సూయజ్ వరకు తపాలాను రైలుమీద 24 గంటలలో దాటింపవలెనని పట్టుపట్టి ఒడంబడిక కుదుర్చెను. అచ్చటనే ఒక నవల ముగించి, మరునాడే వేఱొకటి మొదలిడెను.

వ్రాతకు కాలమెట్లు దొరకెను? ఉదయము 5.30 గంటలకు బల్లముందు కూర్చుండెడివాడు. తన్ను లేపుటకై ముసలి సేవకునకు ఏటికి 5 పౌనులు అదనముగా ఇచ్చుచుండెను. గడియారము ఎదుట నుంచుకొని కాలుగంటకు 250 మాటలు వ్రాసెడివాడు. పిదప కచేరీకి పోవును. రైలు పెట్టెలో మోకాళ్లపై పలక పెట్టుకొని పెన్సిలుతో వ్రాసినవానిని భార్య రోజ్ తిరుగవ్రాసి యిచ్చెడిది.

ఆయన ఆంగ్లికన్ చర్చికి చెందినవాడు. 1855 నాటి 'ది వార్డెన్' నవలకు ఊహ శాల్స్‌బరీ పెద్దచర్చి ఆవరణలో కలిగెను. అందలి వృద్ధ మతగురువు, తాను పొందు ఆదాయము న్యాయమైనది కాదేమోయని శంకించి, మిత్రులు వారించినను కొలువు విడుచును. 1864లో ట్రాలోప్‌నకు రావలసినదని ఆయన తలచిన పై పదవి మఱియొకరికి పోయెను. 1867లో ఆయనయు రాజీనామా ఇచ్చి, పింఛను వదలుకొనెను.

1882లో ఆయన మరణించెను. మరుసటి యేడు స్వీయచరిత్ర వెలువడెను. గడియారము చూచి వ్రాసిన సంగతియు, నవలలవలన వచ్చిన పౌనుల లెక్కయు అందుండుటచే, ఇదేమి రచన, ఇది కూలిపని గదా యని పలువురు మూతి విఱిచిరి. ఆయన కీర్తి చాలకాలము మాసియుండెను. పాఠకులు మరల ఆ నవలలను చేపట్టుటకు దశాబ్దములు పట్టెను.

చివరి రెండేండ్లు ఆయన సస్సెక్సులోని హార్టింగ్ గ్రామమున నివసించి, అచ్చటి చర్చిలో గొంతెత్తి ప్రార్థన చేయు భక్తుడుగా ఊరివారికి పరిచితుడయ్యెను. ఆయన కలమును, ఉత్తరములు విప్పు కత్తియు, ఒక చిన్న త్రాసును ఆ చర్చిలోనే భద్రపఱచియున్నారు.