ఒకే పేలుడు, రెండు లెక్కలు



స్నాతకోత్సవాల్లో విజయగాథలు చెప్పడం ఆనవాయితీ. నేనూ ఒకటి చెబుతాను, కాకపోతే అందులో ఇప్పటికీ తేలని లెక్క ఒకటుంది.

1998 మే 11, మధ్యాహ్నం 3.45. రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో భూమి లోపల మూడు అణు పరికరాలను ఒకేసారి పేల్చారు. వాటిలో పెద్దది థర్మోన్యూక్లియర్ పరికరం. దాని శక్తి సుమారు 45 కిలోటన్నులని అణుశక్తి విభాగం ప్రకటించింది. అక్కడ ఆ విభాగం కింది భాభా అణు పరిశోధన కేంద్రం, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రెండూ కొలత పరికరాలు అమర్చాయి.  ఒకరి లెక్కను ఇంకొకరు సరిచూడాలంటే ఇద్దరూ విడివిడిగా కొలవాల్సిందే. అంతవరకు తప్పేమీ లేదు.

డీఆర్‌డీఓ తరఫున ఆ పరీక్షల పనులు నడిపిన కె. సంతానం 2009లో, ఆ థర్మోన్యూక్లియర్ పరికరం శక్తి చెప్పినదానికంటే బాగా తక్కువని బహిరంగంగా అన్నారు. దాన్ని దింపిన బావి మీది చట్రం చెక్కుచెదరలేదు చూడండన్నారు. అణుశక్తి విభాగం వైపు ఆ పరీక్షలు నడిపిన ఆర్. చిదంబరం, అనిల్ కకోద్కర్ ఒప్పుకోలేదు. ఆ బావి గట్టి రాతిలో ఉంది, పక్క పరికరం పేలిన బావి నేల వేరు, రెండింటినీ పోల్చకూడదు అన్నారు. పేలుడు తర్వాత తీసిన రాతి నమూనాల్లోని రేడియోధార్మికత తమ లెక్కనే బలపరుస్తోందన్నారు. డీఆర్‌డీఓ పరికరాలు సరిగా పనిచేయలేదన్నారు.

ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. నాకు కొరుకుడు పడనిది ఆ చివరి మాట. పరికరం పనిచేయలేదన్న సంగతి జనానికి పదకొండేళ్లకు, అదీ ఎదుటివాళ్లను ఖండించేటప్పుడు తెలియాలా? ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం ఆ వారంలోనే బయటికి వచ్చుంటే ఇంత రచ్చ ఉండేది కాదు.

భూకంపాలను నమోదు చేసే బయటి కేంద్రాలు తీర్పు చెప్పవా అంటే, అక్కడా చిక్కే. భూకంప తీవ్రతలో 0.3 తేడా వస్తే శక్తి అంచనా రెట్టింపు దాటిపోతుంది. పక్కపక్క బావులు ఒకేసారి పేలితే తరంగాలు కలగలిసిపోతాయి. బయటి శాస్త్రజ్ఞులు కొందరు మొత్తం శక్తినే 9 నుంచి 16 కిలోటన్నులుగా కట్టారు. మే 13న జరిగిన రెండు చిన్న పేలుళ్లనైతే అంతర్జాతీయ కేంద్రాలు పసిగట్టనే లేదు. రాతి నమూనాల వివరాలన్నీ బయటపెడితే బాంబు గుట్టు తెలిసిపోతుందని దాచారు. అది అర్థం చేసుకోగలను. కానీ ఏ మీటర్ పనిచేసింది, ఏది ఆగిపోయింది అన్నదానిలో ఏం గుట్టుంది?

రాజస్థాన్ మనకు దూరమే, కొల్లేరు సరస్సు దూరం కాదు కదా. అక్కడా కొలత తగువే. 1999లో ఐదో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) దాకా అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గీత నేల మీద ఎక్కడ పడుతుందన్న తగువు మాత్రం తెగలేదు. అటవీ శాఖ, ఇరిగేషన్, రెవెన్యూ, మత్స్యశాఖ అందరికీ ఈ సరస్సుతో పని ఉంది. తగువులో నలిగేది ఆ గీతకు అటూ ఇటూ బతికేవాళ్లు.

మీలో కొందరు ఈ శాఖల్లోనే చేరతారు. చేరిన మొదటి వారమే పక్క శాఖ ఇంజినీరు దగ్గరికి వెళ్లి, ఏ బెంచ్‌మార్కు నుంచి కొలుస్తున్నారని అడగండి. మీ పరికరం పాడైతే ఆ రోజే రాసి ఆయనకూ ఒక ప్రతి పంపండి. పై అధికారి గొణిగితే గొణగనివ్వండి.